ఖాళీ స్టాండు కింద దూలాలు

ఖాళీ బెంచీకి దూలమెందుకు? ఈ ఒక్క మాట చెప్పుకుని పదకొండేళ్ళు నెట్టుకొచ్చాడు మైలో కొపానిక్. కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పలేదు, తనకు తానే చెప్పుకున్నాడు. మనిషి తనకు తాను చెప్పుకునే మాటల్ని కాదనే నాథుడుండడు కదా, అక్కడే వస్తుంది చిక్కంతా.

మైలో మా కిట్టరింగ్ బేస్‌బాల్ మైదానానికి వడ్రంగి. పెన్సిల్వేనియాలో నది ఒడ్డునున్న ఉక్కు మిల్లు ఊళ్ళలో మాదీ ఒకటి. మా జట్టు పేరు హ్యామర్స్. పెద్ద నగరాల జట్లలాంటిది కాదు, కింది మెట్టు లీగులో ఆడేది, కానీ జీతాలు తీసుకుని ఆడే జట్టే. మిల్లువాళ్ళు తమ పనివాళ్ళ కోసం మైదానం కట్టించినప్పుడు స్టాండ్లన్నీ చెక్కతోనే కట్టించారు. ఉక్కు పోసే ఊళ్ళో చెక్క స్టాండేమిట్రా అని పైఊరివాళ్ళు నవ్వేవాళ్ళు. మిఠాయి కొట్టువాడు ఇంట్లో మిఠాయి తింటాడా ఏమిటి!

చెక్క స్టాండు కాబట్టే మాకు తొక్కుడు అలవాటైంది. ఆట చివరికొచ్చి మనవాళ్ళు వెనకబడి ఉన్నారనుకోండి, ఎడమ స్టాండులో పై వరస నుంచి గస్ పెట్రాస్కో లేచి "దించండ్రా!" అని ఒక్క కేక పెట్టేవాడు. అంతే, ఆ స్టాండులోని పద్నాలుగు వందల మందీ బూటు కాళ్ళతో చెక్కల మీద తొక్కడం మొదలెట్టేవాళ్ళు. రెండు మెల్లగా, ఒకటి గట్టిగా. ఆ చప్పుడు నది అవతలి కొలిమి దాకా వినిపించేది. బంతి వేసే పైఊరి కుర్రాడి చెయ్యి తడబడేది. ఎన్ని ఆటలు గెలిపించాయో ఆ కాళ్ళు!

మిల్లు మూతపడ్డాక కాళ్ళన్నీ ఇళ్ళలోనే ఉండిపోయాయి. నాలుగు వేల మంది కూర్చునే మైదానానికి రెండు వేల మంది వచ్చారు, ఆ తర్వాత తొమ్మిది వందలు, ఆ తర్వాత ఆరు వందలు. ఆ ఆరు వందల్లో కూడా కొందరు ఇంట్లో భార్య పోరు పడలేక వచ్చినవాళ్ళే. వచ్చినవాళ్ళంతా మైదానంలో మూడో బేస్ అనే మూల వెనకాల, నీడపట్టున ఒకచోట చేరేవాళ్ళు. ఎడమ స్టాండులో పావురాలు తప్ప ఎవరూ ఉండేవారు కాదు.

ఆ రోజుల్లోనే మూడో బేస్ వెనక స్టాండు కింద ఒక స్తంభం పుచ్చింది. మైలో స్క్రూడ్రైవర్ గుచ్చి చూస్తే పిడి దాకా దిగిపోయింది. పరుగెత్తుకెళ్ళి అప్పటి మేనేజరుకు చెప్పాడు. "వచ్చే ఏడు చూద్దాం మైలో" అన్నాడాయన. పైన మనుషులు కూర్చుంటున్నారు, వచ్చే ఏడు దాకా ఆ స్తంభం ఆగుతుందా? మైలో ఆ ఆదివారం చర్చి నుంచి తిన్నగా మైదానానికి వచ్చి, ఎడమ స్టాండు కిందికి దూరి, అక్కడి గట్టి స్తంభమొకటి ఊడదీసి, తెచ్చి ఇక్కడ నిలబెట్టాడు. తీసినచోట బోసిగా ఉంటే బాగోదని, నాలుగు పలచటి పలకలు కలిపి మేకులు కొట్టి, స్తంభమంత డొల్ల పెట్టె చేసి నిలబెట్టి, ఆకుపచ్చ రంగు వేశాడు. చూసినవాళ్ళకు స్తంభమే. తట్టి చూసినవాళ్ళకు తెలుస్తుంది, కానీ తట్టేది ఆ ఊళ్ళో అతనొక్కడే. పైన మెట్ల దగ్గర తాడు కట్టి, "పెయింటు తడిగా ఉంది" అని అట్టముక్క తగిలించాడు.

ఒక్క స్తంభంతో ఆగితే ఇంత కథెందుకు? మరుసటి ఏడు రెండు. ఆ తర్వాత ఏడాది నాలుగు. ఒకసారి దూలమే తీశాడు. ప్రతిసారీ "అప్పుగా తీస్తున్నా, అంతే" అనుకునేవాడు. జనం మళ్ళీ వస్తారు, వస్తే జట్టు యజమాని చేతిలో డబ్బాడుతుంది, డబ్బాడితే కలప వస్తుంది, కలప వస్తే ఎక్కడివక్కడ పెట్టేస్తాను. లెక్క బాగానే ఉంది. కాకపోతే ఆ లెక్కలో జనం వచ్చేది కలప కంటే ముందు. అది అతనికి తట్టలేదు, లేదా తట్టినా పక్కకు నెట్టాడు. పదకొండేళ్ళలో ఎడమ స్టాండు కింది నలభై స్తంభాల్లో ఇరవై ఆరు డొల్ల పెట్టెలయ్యాయి.

ఆ ఏడు వసంతంలో కొత్త మేనేజరు దిగాడు. రాయ్‌స్ టిల్‌మన్ అని, ముప్పై ఒక్క ఏళ్ళవాడు, దక్షిణాది కుర్రాడు, మంచివాడే. వస్తూనే పనివాళ్ళందర్నీ పిలిచి లీగువాళ్ళ ఉత్తరం చదివాడు. ఈ సీజనులో ఒక్క ఆటకైనా నాలుగు వేల మంది రాకపోతే హ్యామర్స్‌ను కరొలైనాలో ఎవరికో ఇచ్చేస్తారట. అక్కడ కాంక్రీటు స్టేడియం కట్టి సిద్ధంగా ఉంచారట.

"వీళ్ళని రప్పించాలి. ఎలాగో చెప్పండి" అన్నాడు రాయ్‌స్.

తనకు తోచినవన్నీ చేశాడు పాపం. ఒకరోజు మైదానం మధ్యలో ఆవుల పాలు పితికే పోటీ పెట్టాడు. ఒకరోజు బ్యాటు పట్టేవాడు నిలబడే హోమ్ ప్లేటు దగ్గర ఒక జంటకు పెళ్ళి చేయించాడు. ఆడవాళ్ళకు సగం టిక్కెట్టన్నాడు, గడ్డమున్నవాళ్ళను ఊరికే రమ్మన్నాడు. నూరో నూటయాభయో పెరిగారు తప్ప స్టాండు నిండలేదు. మైలో భార్య డొలోరస్ మైదానంలో పియరోగీల కొట్టు నడిపేది. బంగాళదుంప కూరి, వెన్నలో ఉల్లిపాయలతో వేయించిన, కజ్జికాయల్లాంటి పియరోగీలు, ఆట చూడనివాళ్ళు కూడా వాటికోసం వచ్చేవాళ్ళు. ఒక మధ్యాహ్నం రాయ్‌స్ ఆ కొట్టు ముందు నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చుంటే ఆవిడకు ఒళ్ళు మండింది.

"ఎందుకు బాబూ ఈ ఆవులూ గేదెలూ? మావాళ్ళకు ఆటంటే విసుగు పుట్టలేదు. సిగ్గు పుట్టింది. ఒకప్పుడు షిఫ్టు దిగి, జేబులో జీతంతో, పక్కవాడికి బీరు కొనిపెడుతూ చూసిన ఆట. ఇప్పుడు ఉత్త జేబుతో వచ్చి ఆ పక్కవాడి మొహం ఎలా చూస్తారు? సగం టిక్కెట్టంటే బిచ్చమేస్తున్నావనుకుంటారు."

"మరేం చెయ్యమంటారమ్మా?"

"వాళ్ళు మిల్లు మనుషులని గుర్తుచెయ్యి. అందరి ఇళ్ళలో బిళ్ళలున్నాయి. ఒక్కడూ పారేసుకోలేదు."

మిల్లు గేటులో లోపలికి వెళ్ళేటప్పుడు చూపించే ఇత్తడి బిళ్ళ అది. నెంబరు చెక్కి ఉంటుంది. రాయ్‌స్ ఎగిరి గంతేశాడు. ఆగస్టు ఆఖరి శనివారం, సీజను చివరి ఆట, మధ్యాహ్నం ఒంటిగంటకు. ఆ రోజు టిక్కెట్టు లేదు, బిళ్ళ చూపించి ఇంటిల్లిపాదీ లోపలికి రావొచ్చు, గేటు దగ్గర మీ నెంబరు మైకులో చదువుతాం అని ఊరంతా కాగితాలు అంటించాడు. లీగు అడిగిన నాలుగు వేల మంది రావడానికి మిగిలింది ఆ ఒక్క రోజే. లెక్క చూడ్డానికి లీగు తరఫున మనిషొస్తున్నాడు.

ఊరు ఊగిపోయింది. ఎవరి నోట విన్నా బిళ్ళల మాటే. ఆట వారం సోమవారం ఉదయం రాయ్‌స్ మళ్ళీ పనివాళ్ళను కూర్చోబెట్టి అన్నాడు: "ఎడమ స్టాండు తెరుస్తున్నాం."

"అక్కడ పెయింటు తడిగా ఉంది బాబూ" అన్నాడు మైలో, ఇంకేమీ తోచక.

గది గదంతా నవ్వింది. "పదకొండేళ్ళ నుంచా మైలో గారూ? ఏం పెయింటండీ అది, మా ఇంటిక్కూడా వేయించుకుంటాను" అన్నాడు రాయ్‌స్.

అప్పుడు చెప్పాల్సింది. ఎవరైనా ఇప్పుడు అదే అంటారు, అప్పుడే చెప్పి ఏడవచ్చుగా అని. చెబితే స్టాండు మూస్తారు, స్టాండు మూస్తే నాలుగు వేల మందికి చోటు లేదు, లెక్క తప్పితే జట్టు పోతుంది. పోగొట్టింది ఎవరయ్యా అంటే మైలో కొపానిక్. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాడు మనిషి. చివరికి సమావేశం అయ్యాక రాయ్‌స్‌ను పక్కకు పిలిచి, కొంచెం మరమ్మతుంది, ఆరు స్తంభాలు కావాలన్నాడు. ఆరడిగినవాడు ఇరవై ఆరు అడగలేడా? అడగొచ్చు. అడిగితే ఎందుకంటారు.

రాయ్‌స్ పాపం ఎక్కడో కూలగొడుతున్న చర్చి హాలు నుంచి ఆరు ఓకు స్తంభాలు తెప్పించాడు. మైలో నాలుగు రోజులు తిండి తిప్పలు మాని వాటిని పై వరసల కింద, గస్ నిలబడే చోట బిగించాడు. మిగతా ఇరవై డొల్లలకూ అడ్డకర్రలు కొట్టాడు, తీగ చుట్టాడు. వెల్లకిలా పడుకుని పైకి చూస్తే ఆరు కొత్త స్తంభాలు చీకట్లో తెల్లగా కనిపించేవి, మిగతాదంతా ఆకుపచ్చ అబద్ధం. శుక్రవారం ఊరి తరఫున స్టాండు చూసి సంతకం పెట్టాల్సిన పెద్దాయన వచ్చాడు. డొలోరస్‌కు వరసకు బాబాయవుతాడు. పియరోగీల పళ్ళెం చేత్తో పట్టుకుని కింద నుంచే స్టాండును ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరికి చూశాడు.

"మైలో, బాగుందిగా?"

"బాగుంది."

"నువ్వు బాగుందంటే నేను కిందికి దూరి చూసేదేముంది!" అని పళ్ళెం పక్కన పెట్టి సంతకం చేసేశాడు.

శనివారం పదకొండింటికే గేటు ముందు వరస కట్టారు. మైలో కళ్ళారా చూశాడు. మిల్లు మూతపడ్డాక వీధిలో కూడా కనపడనివాళ్ళు, చొక్కాలు ఇస్త్రీ చేసుకుని, బిళ్ళ గుప్పిట్లో పెట్టుకుని వచ్చారు. మైకులో నెంబరు చదువుతుంటే ఒక్కొక్కరు టోపీ తీస్తున్నారు. పక్కింటివాళ్ళు పక్కింటివాళ్ళని కౌగిలించుకుంటున్నారు. పదకొండేళ్ళు ఈ రోజు కోసమే కదా తను కాచుకున్నది! మైలోకి ఏడుపాగలేదు. ఏడుస్తూనే ఎడమ స్టాండు వైపు చూశాడు. తాడు లేదు, అట్టముక్క లేదు. మెట్ల మీద జనం ఎక్కుతున్నారు, ఇంకా ఎక్కుతున్నారు.

ఆట మొదలయ్యాక అతను స్టాండు కిందే ఉన్నాడు. నెత్తి మీద పద్నాలుగు వందల మంది. పదకొండేళ్ళ దుమ్ము సన్నగా రాలి టోపీ మీద, భుజాల మీద పడుతోంది. ఎవరైనా చప్పట్లు కొట్టినప్పుడల్లా ఒక పెట్టె కిర్రుమనేది. ఏ పెట్టె అని చెవి రిక్కించేలోపు ఇంకొకటి. తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో ఐదోదాంట్లో ఒక తీగ తెగింది. ఏడో ఇన్నింగ్స్‌లో ఒక పెట్టె అంచు విచ్చుకుని, లోపలి ఖాళీ కనిపించింది. మైలో రెండు చేతులతో దాన్ని అదిమి పట్టుకున్నాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి చేతులు పట్టుకుంటే ఆగేదా అది? అయినా పట్టుకున్నాడు.

ఎనిమిదో ఇన్నింగ్స్ ముగిసేసరికి మనవాళ్ళు ఒక్క పరుగు వెనకబడి ఉన్నారు. పైన ఎవరో "గస్! ఏరా గస్, ఇంకా ఎప్పుడు?" అని అరవడం వినిపించింది. నవ్వులు. బూట్లు సర్దుకుంటున్న చప్పుడు. ఆ చప్పుడు మైలోకి బాగా తెలుసు.

పెట్టె వదిలేసి బయటికి పరుగెత్తాడు. మెట్లు ఎక్కుతుంటే తెలిసినవాళ్ళందరూ వీపు తడుతున్నారు. "మైలో, నీ స్టాండు రాయిలా ఉందిరా!" అని ఎవడో అరిచాడు. పై వరసకు చేరేసరికి గస్ అప్పటికే లేచి నిలబడి, ప్యాంటు పైకి లాక్కుంటున్నాడు. ఇద్దరూ ఒకే వీధిలో పుట్టి, ఒకే బళ్ళో తన్నులు తిన్నవాళ్ళు.

"వచ్చావా వడ్రంగీ! రా, ఇవాళ నువ్వు కూడా తొక్కుదువుగాని" అన్నాడు గస్.

"తొక్కకు గస్. కింద స్తంభాల్లేవు."

"ఏమిటీ?"

"నేనే తీశాను. ఏడాదికి కొన్ని. ఆ పక్క స్టాండుకు వేశాను. ఇక్కడున్నవి ఉత్త డొల్లలు. మీరు తొక్కితే కూలుతుంది. ఒట్టు, మా అమ్మ మీద ఒట్టు."

గస్ అతని మొహంలోకి చూశాడు. ముందు నవ్వబోయాడు. మైలో టోపీ మీద దుమ్ము చూశాడు, చేతుల నిండా దిగిన చెక్క పేళ్ళు చూశాడు. నవ్వు ఆగిపోయింది. చుట్టూ జనం గస్ నోటి వైపే చూస్తున్నారు, ఆ ఒక్క మాట కోసం.

గస్ చెయ్యెత్తాడు. "దిగండి" అన్నాడు. కేక కాదు, మామూలు గొంతు. "బూట్లు విప్పండి. చేత్తో పట్టుకోండి. పై వరస కదలొద్దు, కింది వరస నుంచి ఒక్కొక్కరు దిగండి. పరిగెత్తినవాడి కాళ్ళు విరగ్గొడతాను."

మిల్లులో పనిచేసినవాళ్ళు, ప్రమాదం గొంతు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు. ఎందుకని ఒక్కడూ అడగలేదు. పద్నాలుగు వందల మంది, ముసలీ ముతకా, చంకలో పిల్లలతో ఆడవాళ్ళు, బూట్లు చేత్తో పట్టుకుని మేజోళ్ళ కాళ్ళతో దిగారు. మైదానంలో ఆట ఆగింది. అవతలి స్టాండ్లలో వాళ్ళు నోరు తెరుచుకుని చూస్తున్నారు. అంత జనంలో చెక్క కిర్రుమనే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. అందరికంటే చివర గస్ దిగాడు, అతని వెనక మైలో.

స్టాండు కూలలేదు.

ఆట ఎలాగో పూర్తి చేశారు. తొక్కుడు లేదు, ఒక్క పరుగుతోనే ఓడిపోయాం. ఆఖర్న మైకులో జనం లెక్క చదివారు: నాలుగు వేల నూట పద్దెనిమిది. లీగు అడిగిన లెక్క దాటింది. ఒక్కరు చప్పట్లు కొట్టలేదు. లీగు మనిషి ఆ లెక్క కింద సంతకం చేసి, దాని కిందే మైలో చెప్పిందంతా రాసుకుని వెళ్ళాడు. పది రోజుల్లో ఉత్తరం వచ్చింది. లెక్క సరిపోయింది, మైదానం ప్రమాదకరం, కనుక జట్టు కరొలైనాకు.

ఊరు వదిలి వెళ్ళేముందు రాయ్‌స్ మైలో ఇంటికొచ్చాడు. "వెయ్యి మందికి పైగా ప్రాణాలు నిలబెట్టారు మైలో గారూ. ఆ మాట కాదనను. కానీ సోమవారం చెప్పి ఉంటే, ఎక్కడో అక్కడ కలప తెచ్చేవాణ్ణి. జట్టు కుర్రాళ్ళని అడిగితే వాళ్ళే మోసుకొచ్చేవాళ్ళు." రాయ్‌స్ తిట్టినా బాగుండేదనుకున్నాడు మైలో.

మొదట్లో ఊరు అతన్ని ఏమీ అనలేదు. కొందరు ఆడవాళ్ళు చర్చిలో చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు కూడా. జట్టు యజమాని మాత్రం ఉత్తరం వచ్చిన మరునాడే మైదానానికి కంచె వేయించి, గొలుసు బిగించి, ఎవరూ లోపలికి అడుగుపెట్టకూడదని బోర్డు కొట్టించాడు. పేపరువాళ్ళు అడిగితే "మా స్టాండు ఉక్కులాంటిది, లీగువాళ్ళు సాకు వెతుక్కున్నారు" అన్నాడు. మరి ఆయన మీద కేసులు పడకూడదు కదా! జనం కంచె సందులోంచి చూస్తే ఆకుపచ్చ స్తంభాలు వరసగా, నిటారుగా కనిపించేవి. "అవిగో, ఉన్నాయిగా!" అనుకున్నారు.

చలికాలం వచ్చింది. మోకాలి లోతు మంచు ఆ స్టాండు మీద పేరుకుంది. కూలలేదు. రెండో చలికాలంలో నది పొంగి నీళ్ళు మైదానంలోకి వచ్చాయి. అప్పుడూ కూలలేదు. ఒక్కో చలికాలం గడిచేకొద్దీ మైలోతో మాట్లాడేవాళ్ళు తగ్గారు. మూడో ఏటికి బార్లో మాట పుట్టనే పుట్టింది: కరొలైనావాళ్ళు వాడికి బాగానే ముట్టజెప్పి ఉంటారు. జనం లెక్క సరిపోయాక, సరిగ్గా ఎనిమిదో ఇన్నింగ్స్‌లోనే గుర్తొచ్చిందేం వాడికి? నాలుక నరం లేనిది, ఎటైనా తిరుగుతుంది. ఆ మాట తిరిగి తిరిగి డొలోరస్ దాకా వచ్చింది. ఆవిడ చర్చిలో పియరోగీలు చేసే పని మానేసి వచ్చేసింది, ఎందుకు మానేసిందో మొగుడికి చెప్పలేదు.

ముప్పై ఏళ్ళు ఆ మైదానాన్ని నిలబెట్టడానికే బతికిన మనిషి, ఇప్పుడు గాలి గట్టిగా వీస్తే కిటికీ దగ్గరికెళ్ళి నిలబడేవాడు. పడాలని. ఖాళీ స్టాండే కదా, ఎవరికీ ఏమీ కాదు, ఒక్కసారి పెళపెళమని కూలిపోతే నేను అబద్ధాలకోరును కానని ఊరికి తెలుస్తుంది. దేవుణ్ణి అదే అడిగాడు. అడిగినందుకు సిగ్గుపడి, మళ్ళీ అడిగాడు.

ఆ మార్చి నెలలో ఒక పొద్దున గస్ తలుపు తట్టాడు. ఆ శనివారం తర్వాత గస్ అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. బాగా చిక్కాడు. గడ్డం గీసుకుని, పాత మిల్లు బూట్లు వేసుకున్నాడు.

"పద" అన్నాడు.

ఎక్కడికని మైలో అడగలేదు. కంచెలో ఒకచోట పలక ఊడి ఉంది, అందులోంచి దూరారు. మైదానమంతా గడ్డి మొలిచి ఉంది. గస్ తిన్నగా ఎడమ స్టాండు మెట్ల వైపు నడిచాడు.

"గస్! కిందికి రా, ఒక పెట్టె పగలగొట్టి చూపిస్తాను. లోపలేమీ లేదు, నీ కళ్ళతో చూద్దువుగాని."

"కింద ఉన్నదంతా నీ వడ్రంగమేగా. నువ్వేం చూపించాలనుకుంటే అదే ఉంటుంది" అన్నాడు గస్, ఎక్కుతూనే. "నా కాలు నాకు చెబుతుంది."

"పిచ్చి పట్టిందా నీకు?"

"పట్టింది! పట్టదా?" గస్ మెట్ల మధ్యలో ఆగి వెనక్కి తిరిగాడు. "జనాన్ని దింపింది నువ్వు కాదురా, నేను. నా నోటి మాట మీద దిగారు. మేజోళ్ళతో దింపాడు, గొర్రెల్ని దింపినట్టు, అని బార్లో నన్ను చూసి నవ్వుతున్నారు. తొక్కి ఉంటే గెలిచేవాళ్ళం. జట్టు ఇక్కడే ఉండేది. నాకింకేముంది చెప్పు? మా ఆవిడ పోయింది, మిల్లు పోయింది. అదొక్కటే ఉండేది నాకు. కూలితే నువ్వు నిజం చెప్పావు. కూలకపోతే నువ్వు అబద్ధాలకోరువి. ఇవాళ తేలిపోవాలి."

పై వరసకు చేరాడు. తన చోట నిలబడ్డాడు. మూడు చలికాలాలు వానా మంచూ తాగిన చెక్కలు. మైలో కింద నుంచి చూస్తున్నాడు. తను బిగించిన ఆరు స్తంభాలూ వరద నీళ్ళకు పక్కకు ఒరిగి, ఒక్కటి కూడా దూలానికి తగలడం లేదు.

"రెండు మెల్లగా" అన్నాడు గస్, కాలెత్తి తొక్కాడు.

స్టాండు లోపల ఎక్కడో సన్నగా, పొడుగ్గా ఒక చీలిక చప్పుడు. గస్‌కు వినపడలేదు, అతను తన కాలి చప్పుడే వింటున్నాడు. రెండోసారి తొక్కాడు. గస్‌కు కనపడనంత లోపల ఒక పెట్టె విడిపోయి పలకలు గడ్డిలో పడ్డాయి. దాని పైనున్న దూలం ఒక బెత్తెడు కిందికి జారి ఆగింది. మూడోది గట్టిది.

మూడేళ్ళుగా మైలో అడిగింది అక్కడ నెత్తి మీదే ఉంది. గస్ మూడోసారి కాలు మోపితే చాలు, ఊరంతా వచ్చి చూస్తుంది, మైలో కొపానిక్ నిజమే చెప్పాడంటుంది.

"డబ్బు తీసుకున్నాను గస్!" అని అరిచాడు.

గస్ కాలు గాల్లో ఆగింది.

"కరొలైనావాళ్ళ దగ్గర తీసుకున్నాను! స్తంభాలన్నీ ఉన్నాయి, ఒక్కటీ తీయలేదు. అంతా నాటకం. స్టాండు రాయిలా ఉంది. నువ్వు తొక్కక్కర్లేదు, నేనే ఒప్పుకుంటున్నాను. దిగిరా. నన్నేం చేస్తావో చేద్దువుగాని, దిగిరా."

గస్ ఆ కాలు మెల్లగా కిందపెట్టి, దిగడం మొదలెట్టాడు. మెట్టు మెట్టుకూ స్టాండు మూలిగింది. మైలో లెక్కపెట్టాడు, ఇరవై రెండు మెట్లు. నేల మీద కాలు పెట్టాక గస్ అతని దగ్గరికి వచ్చి, కొడతాడనుకుంటే కొట్టలేదు. అతని బూట్ల ముందు ఉమ్మేసి, కంచె వైపు నడిచి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసిపోయింది. గస్ పెట్రాస్కోకి స్వయంగా ఒప్పుకున్నాడట, తన నోటితోనే. సాయంత్రం డొలోరస్ కొట్టు నుంచి రొట్టె కొనకుండానే తిరిగొచ్చింది. కోటు కూడా విప్పలేదు. వంటింట్లో కూర్చున్న మొగుడి ముందుకొచ్చి నిలబడింది.

"ఏమయ్యా, గస్ చెబుతున్నది నిజమేనా? వాడితో అలా అన్నావా?"

"అన్నాను."

"ఎందుకన్నావు? తీసుకోని డబ్బు తీసుకున్నానని ఎందుకు చెప్పావు? ఇంక ఈ ఊళ్ళో మన మొహం ఎవరు చూస్తారు?"

మైలో తల ఎత్తాడు. ఏడుస్తున్నాడు, కానీ ఆ మొహం చూస్తే మూడేళ్ళ తర్వాత మొదటిసారి కాస్త తేలిగ్గా ఉంది.

"వాడు దిగాడు డొలోరస్. నేను చూస్తుండగానే, తన కాళ్ళతో తను దిగి ఇంటికి వెళ్ళాడు."